మోడల్ నంబరు మూడు

నేను రచయితని. నేను చెప్పుకుంటే తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి మొదట్లోనే చెప్పేస్తున్నాను. పేరు తాళ్ళూరి పానకాలరావు. మా ఊరి జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కథలు రాయడం రాలేదు. నవల ఒకటి మొదలుపెట్టి, నాయిక పేరు దగ్గర తేలక మానేశాను. నేను రాసేది సన్మాన పత్రాలు. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు రాశాను.

నవ్వకండి. మా జిల్లాలో మనిషికి బదిలీ అయినా, పదవొచ్చినా, పదవి ఊడినా, అరవయ్యేళ్లు నిండినా సన్మానం జరగాల్సిందే. సన్మానమంటే శాలువా, దండ, పళ్లబుట్ట, పత్రం. శాలువాని ఇంకో సన్మానంలో ఇంకొకరికి కప్పేస్తారు. పళ్లు చుట్టాలు పట్టుకుపోతారు. దండని ఇంటికెళ్లేలోపే మేక తినేస్తుంది. మిగిలేది నా పత్రం ఒక్కటే. దానికి గాజు ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. దాని వెనక బల్లి కాపురం పెడుతుంది. ఆ లెక్కన జిల్లాలో నా అంత ఎక్కువ గోడలకు వేలాడుతున్న రచయిత ఇంకొకడు లేడు. చదివినవాడు కూడా లేడనుకోండి, అది వేరే సంగతి.

నా రచనా పద్ధతి దాచను. విశాల హృదయులు, నిగర్వి, స్నేహశీలి, అజాతశత్రువు అని నాలుగు మాటలున్నాయి. కూరలో కరివేపాకులా వాటిని అన్నిట్లోనూ వేస్తాను. ఇంజినీరైతే అపర భగీరథులు, డాక్టరైతే అపర ధన్వంతరి. మొత్తం అరగంట పని.

ఒక్క పత్రం మాత్రం అలా రాయలేదు. అది మార్తమ్మ గారిది. సర్కారు ఆసుపత్రిలో ముప్పయ్యారేళ్లు నర్సుగా చేసి ఆవిడ రిటైరైనప్పుడు రాశాను. పన్నెండేళ్లయింది. నాలుగు రోజులు పట్టింది, రాస్తూ రెండుసార్లు ఏడ్చాను. మా అమ్మాయి పుట్టింది ఆవిడ చేతుల్లోనే, తుఫాను నాడు. ఆ రోజు నేను ఊళ్లో లేను. పక్క జిల్లాలో ఒక నీటిపారుదల ఇంజినీరు గారికి సన్మానమైతే వెళ్లాను. అక్కడ నేను మైకు ముందు నిలబడి “వరదలను కనుసన్నలతో శాసించిన అపర భగీరథులు” అని చదువుతున్న సమయానికి ఇక్కడ మురుగు కాలవ గండిపడి మా వీధిలో నడుముల్లోతు నీళ్లొచ్చాయి. మా ఆవిడ హైమావతి ఈ విషయం ఏడాదికి రెండుసార్లు గుర్తుచేస్తుంది. ఆ రోజు మార్తమ్మ గారు రాకపోతే తల్లీపిల్లా ఇద్దరూ దక్కేవారు కాదు. నా వల్ల లోకానికి మంచి రచన ఏదైనా ఒకటి అందిందంటే అదే.

మొన్న కార్తీకంలో మా ఊరి కళ్యాణమండపంలో బ్రహ్మాజీరావు గారికి సన్మానం జరిగింది. ఆయన పొలాలు ప్లాట్లుగా కోసి అమ్ముతారు. పత్రం రాయమని నన్నడగలేదు, పిలుపు మాత్రం వచ్చింది. మూడో వరసలో కూర్చున్నాను. ఒకాయన ఫ్రేము పట్టుకుని గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

“ఈ ఊళ్లో సగం మంది కళ్లు తెరిచి మొట్టమొదట చూసింది మీ ముఖాన్నే.”

నేను ఉలిక్కిపడ్డాను.

“నాలుగు వేల మంది తమ తొలి ఏడుపు మీ చేతుల్లోనే ఏడ్చారు.”

నా పక్కన ప్లాట్లు కొన్నవాళ్లు కూర్చున్నారు. ఆ మాటకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాళ్లే. వేదిక మీద బ్రహ్మాజీరావు గారు కళ్లు సగం మూసి, చేతులు జోడించి, అంత పొగడ్త తాళలేనట్టు తల అటూ ఇటూ ఊపుతున్నారు. తొమ్మిది నెలల భారం గురించిన వాక్యం కూడా వచ్చింది, వెళ్లింది. మండపంలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

నేను ఆగలేక పక్కాయనతో, “అది నాదండీ” అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూసి, “ఏ ప్లాటు?” అన్నాడు.

పొద్దున్నే ఖాసిం దుకాణానికి వెళ్లాను. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, సన్మాన పత్రాలు మా ఊళ్లో అతనే కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీస్తాడు. నా పత్రాలన్నీ అక్కడే అచ్చయ్యాయి.

“మార్తమ్మ గారి పత్రం బ్రహ్మాజీరావుకి ఎలా వెళ్లిందయ్యా?”

“అదాండీ! మోడల్ నంబరు మూడు” అన్నాడు ఖాసిం సంతోషంగా. “ఒకటీ రెండూ ఎవరూ అడగట్లేదు మాస్టారూ. మూడు మాత్రం భలే పోతోంది. పేరు మార్చడం, ఫోటో మార్చడం, తీసి ఇచ్చెయ్యడం. పదిహేడు మందికిచ్చా.”

“లోపల ఏముందో చూసుకోరా?”

“లోపల ఎవరు చూస్తారండీ? పేరు తప్పు పోకపోతే చాలు.”

అరికాలి మంట నెత్తికెక్కింది. నా నాలుగొందల పదకొండు పత్రాలు ఎవడు ఎత్తుకుపోయినా దణ్ణం పెట్టి ఇచ్చేద్దును. ఈ ఒక్కటీ పోనివ్వను. అది మార్తమ్మ గారి పేరు మీదే ఉండాలి, కింద నా పేరుండాలి. ఇందులో రెండో ముక్క ఎక్కువ బలంగా అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

“పోనిద్దురూ. అది ఎవరి గురించో మనకి తెలుసు కదా” అంది హైమావతి.

“నీకు తెలీదు ఊరుకో. ఇది సాహిత్యం” అన్నాను.

కోర్టు ఎదుట కొత్త బోర్డొకటి కనిపించింది. యలవర్తి భుజంగరావు, అడ్వకేట్, కాపీరైట్ స్పెషలిస్టు. ఆ బోర్డు పెట్టక ముందు ముప్పయ్యేళ్లు ఆయన పొలం గట్ల తగాదాలు చూశారని నాకు తర్వాత తెలిసింది. నా గోడు అంతా విని టేబుల్ మీద గుద్దారు.

“ఆక్రమణ! పక్కా ఆక్రమణ మాస్టారూ. హద్దులు చెప్పండి, రాసుకుంటాను.”

“హద్దులేమిటండీ?”

“పత్రానికి నాలుగు దిక్కులా హద్దులుంటాయా, ఉండవా? పై వైపు ఉత్తరం అనుకోండి. ఉత్తరాన ఏముంది?”

“సన్మాన పత్రం అన్న శీర్షిక.”

“దక్షిణాన?”

“ఇట్లు, పురప్రజలు.”

“తూర్పున?”

“పువ్వుల తీగ.”

“పడమర?”

“అదే తీగండీ, చుట్టూ తిరిగొస్తుంది.”

“ఉమ్మడి తీగ” అని రాసుకున్నారు. “ప్రస్తుతం అనుభవంలో ఎవరున్నారు?”

“బ్రహ్మాజీరావు గారి హాల్లో వేలాడుతోందండీ.”

“స్వాధీనం పోయిందన్నమాట. కంగారు పడకండి. ముందు మీ పేర రిజిస్టరు చేయిద్దాం. కాగితం చేతిలో లేకుండా కోర్టు మెట్లెక్కితే నవ్విపోతారు.”

సృజన హక్కుల జిల్లా నమోదు కార్యాలయం చేప పిల్లల శాఖ భవనం మీద కొత్తగా పెట్టారు. అధికారి పేరు త్రివిక్రమం గారు. రెండు నెలల్లో రిటైరవుతారు. మేం వెళ్లేసరికి ఆయన ఖాళీ రిజిస్టరు ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆఫీసు తెరిచాక వచ్చిన మొదటి రచయితని నేనే. మార్తమ్మ గారి పత్రం రెండుసార్లు చదివారు.

“సదరు రచన యందు పేర్కొనబడిన విషయములు వాస్తవములా, కల్పనలా?”

“అక్షరాలా వాస్తవాలండీ” అన్నాను గర్వంగా.

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. “అటులైన హక్కు వర్తించదు. వాస్తవమునకు హక్కుదారు ఉండడు. సూర్యుడు తూర్పున ఉదయించునని మీరు వ్రాసినంత మాత్రమున తూర్పు దిక్కు మీ పేర నమోదు చేయజాలము. ఈ కార్యాలయము రచయిత యొక్క స్వకపోల కల్పనను మాత్రమే పరిరక్షించును.”

భుజంగరావు గారు బల్ల కింద నా కాలు తొక్కారు. “కల్పనే సార్. మా పార్టీ ఆవేశంలో నోరు జారారు. అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు.”

“నిరూపించవలెను” అని త్రివిక్రమం గారు ఒక పుస్తకం తీశారు. “ఒక రచయిత రచనలను విడివిడిగా స్వీకరించుటకు వీలులేదు. సమస్తము ఒకేసారి దాఖలు పరచవలెను. ప్రతి పత్రమునకు, పొగడబడిన వ్యక్తి నుండి నమూనా ఏడు జతచేయవలెను.”

నమూనా ఏడు పేరు గుణరాహిత్య ధ్రువీకరణ. ‘ఈ పత్రములో వర్ణింపబడిన సద్గుణములు నాయందు లేవనియు, అవి పూర్తిగా రచయిత ఊహాజనితములనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను’ అని దాని మీద అచ్చేసి ఉంది. కింద సంతకం, ఇద్దరు సాక్షులు.

“అయితే ఒక వెసులుబాటు కలదు” అన్నారాయన. “పత్రములో ఏ ఒక్క వాక్యమైనను కల్పన అని తేలినచో, పత్రము మొత్తమునకు హక్కు సంక్రమించును.”

బుద్ధున్నవాడెవడైనా అక్కడే లేచి ఇంటికొచ్చేవాడు. నేను నాలుగొందల పన్నెండు ఫారాలు చంకనబెట్టుకుని వచ్చాను. ఇతడు రచయిత అని సర్కారు వారి చేత ముద్ర వేయించుకోవాలని నాకు చచ్చేంత కోరిక. లేదని బుకాయించి లాభం లేదు.

మొదట రిటైర్డ్ తహసీల్దారు ఉమామహేశ్వరం గారింటికి వెళ్లాను. ఆయన పత్రంలో నిప్పులాంటి నిజాయితీ, శాంతమూర్తి అని రాశాను. ఆయన ఫారం చదివి కళ్లజోడు తీశారు.

“నాలో నిజాయితీ లేదని నేనే సంతకం పెట్టాలా?”

“లేదని కాదండీ. ఉందన్నది నా ఊహ అని.”

“నా ఇంట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ...”

వంటింట్లోంచి ఆయన భార్య సుభద్రమ్మ గారు వచ్చారు. “ఏదీ అన్నయ్య గారూ, ఇలా ఇవ్వండి. శాంతమూర్తి అన్న చోట నేను పెడతా సాక్షి సంతకం. రెండో సాక్షిగా పనిమనిషిని పిలవనా?”

ఆయన కాఫీ గ్లాసు గోడకేసి కొట్టారు. “రుజువు కూడా అయిపోయింది” అందావిడ తాపీగా. నేను ఫారం తీసుకుని బయటపడ్డాను.

మాజీ చైర్మన్ ఒకాయన కాలం చేశారు. పత్రంలో ఆయన అజాతశత్రువు. వారసులందరూ సంతకం పెట్టాలన్నారు. పదేళ్లుగా మాటల్లేని నలుగురు కొడుకుల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాను. అరగంటలో పోలీసులొచ్చారు. నీటిపారుదల ఇంజినీరు గారు మాత్రం మహానుభావుడు, ఫారం చదవకుండానే సంతకం పెట్టేశారు. సర్వీసులో అలవాటైన పద్ధతట.

ఈలోగా భుజంగరావు గారు నా పత్రాలన్నీ పక్కపక్కన పెట్టి చూసి పిడుగులాంటి మాట చెప్పారు.

“మాస్టారూ, మీ మొదటి పత్రంలో ఉన్న నిగర్వి, స్నేహశీలి తర్వాత మూడొందల ఎనభై పత్రాల్లో ఉన్నాయి. ఎవరు కొట్టారిది?”

“నేనేనండీ.”

“ఎవరి దగ్గర?”

“నా దగ్గరే.”

“రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? లేదు కదా. రేపు ఎదుటి పార్టీ లాయరు దీన్నే పట్టుకుంటాడు. ముందు మనమే నోటీసిచ్చేద్దాం.”

నా తరఫున ఆయన నాకు లాయరు నోటీసు పంపారు, రిజిస్టర్డ్ పోస్టులో. పోస్ట్‌మ్యాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, “పంపిందీ మీరే, పుచ్చుకునేదీ మీరే. మధ్యలో నన్నెందుకు తిప్పుతారండీ ఈ ఎండలో?” అన్నాడు. పదిహేను రోజుల్లోగా జవాబివ్వాలని నోటీసులో గట్టిగానే ఉంది. బేషరతుగా క్షమాపణ చెబుతూ నాకు నేను ఉత్తరం రాసుకున్నాను. క్షమించడానికి మూడు రోజులు తీసుకున్నాను. వెంటనే క్షమించేస్తే అలుసైపోతాం కదా.

ఇంత తిరిగినా చేతికొచ్చిన సంతకాలు ఆరు. పొగిడించుకున్నవాడు సహకరించకపోతే బహిరంగ ప్రకటన ఇవ్వచ్చని నిబంధన ఉందట. త్రివిక్రమం గారు ప్రకటన వేయించారు. పానకాలరావు పత్రాలలోని సద్గుణములన్నీ కల్పితములని భావించడమైనది, ఇవి నిజమని వాదించదలచినవారు ఫలానా సోమవారం పది గంటలకు స్వయంగా హాజరై అభ్యంతరం తెలుపవలెను. దాని కింద నాలుగొందల పన్నెండు పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా వారి వారి సద్గుణాలు. మున్సిపల్ ఆఫీసు గోడ నిండిపోయింది. వారం రోజులు జనం టిఫిన్ చేసి వచ్చి మరీ చదివారు. నా రచనల్ని ప్రజలు అంత శ్రద్ధగా చదవడం అదే మొదలు.

సోమవారం వచ్చింది. గుమాస్తా ఒక్కొక్క నంబరే పిలిచాడు. “నంబరు ఒకటి. నిగర్వి, స్నేహశీలి. అభ్యంతరం ఉన్నవారు?” ఎవరూ లేరు. “నంబరు రెండు. పేదల పెన్నిధి.” ఎవరూ లేరు. వరండాలో ఉమామహేశ్వరం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన నంబరు పిలిచినప్పుడు మెట్ల వైపు ఆశగా చూశారు. ఆయన కింద పనిచేసినవాళ్లలో ఒక్కరైనా వస్తారనుకున్నారేమో. ఎవరూ రాలేదు. పోనీ తానే చెబుతానని ముందుకొచ్చారు. “స్వీయ అభ్యంతరము చెల్లదు” అన్నారు త్రివిక్రమం గారు. ఆయన తల దించుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. మొదట్లోనే కరివేపాకు తగ్గించి ఉంటే ఆ పెద్దమనిషికి ఈ అవమానం తప్పేది.

“నంబరు రెండు వందల ముప్పయ్యేడు. మార్తమ్మ, నర్సు.”

మెట్ల మీద చప్పుడైంది. ముందు చేపలమ్మే ఆవిడ తల కనిపించింది. వెనక ఆటోవాళ్లు, బ్యాంకు మేనేజరు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. వరస మెట్లు దిగి, చేప పిల్లల ఆఫీసు దాటి, రోడ్డెక్కి మలుపు తిరిగింది. అందర్నీ తప్పించుకుని ముందుకొచ్చి హైమావతి నిలబడింది.

“హైమా, నువ్వా!” అన్నాను.

“మీరు నోరు మూసుకోండి” అని అధికారి వైపు తిరిగింది. “మా అమ్మాయిని తీసింది ఆవిడేనండీ. నడుముల్లోతు వరదలో నీళ్లు దాటుకుని వచ్చింది. అది కల్పన అని ఎవడన్నా అంటే ఊరుకోను, అన్నవాడు ఈయనైనా సరే.”

“జలమార్గమున వచ్చుట రూఢి అయినది” అని త్రివిక్రమం గారు రాసుకున్నారు.

సాయంత్రం దాకా సాగింది. ఖాసిం కూడా వచ్చాడు. “మా పిల్లలిద్దర్నీ ఆవిడే తీసిందండీ. ఆ పత్రం ఆవిడ గురించని నాకేం తెలుసు, నేను లోపల ఎప్పుడూ చదవలేదు.” చివర్లో బ్రహ్మాజీరావు గారు కారు దిగారు. తాను ఆవిడ చేతుల్లోనే పుట్టానని వాళ్లమ్మ చెప్పేదట. వాంగ్మూలం ఇచ్చి వెళ్తూ, గుమాస్తా చేతిలో ఉన్న పత్రం తీసుకుని చదివి, “మా హాల్లో ఇలాంటిదే ఉందండీ” అన్నారు నాతో.

వారానికి ఉత్తర్వులొచ్చాయి. నాలుగు వందల పదకొండు పత్రాలలోని సద్గుణములు నిజమని ఊరిలో ఏ ఒక్కరూ వాదించనందున, అవి నా స్వకపోల కల్పనలని నిర్ధారించి, నన్ను కల్పనా రచయిత, ప్రథమ శ్రేణి అని ప్రకటించారు. రెండు వందల ముప్పయ్యేడు మాత్రం ‘సంపూర్ణ వాస్తవము. ఇందు రచయిత చేసినదేమియు లేదు. ప్రజల సొత్తు. దరఖాస్తు తిరస్కరించడమైనది.’

దేనికోసం బయల్దేరానో అది పోయింది, అక్కర్లేనివన్నీ వచ్చిపడ్డాయి. బజారులో పెద్దమనుషులు నన్ను చూసి అటు తిరిగి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ప్రజల సొత్తు అని గెజిట్‌లో పడ్డాక మోడల్ నంబరు మూడుకి అడ్డే లేకుండా పోయింది. ఖాసిం చేసేదేముంది, అతను కాదంటే పక్క ఊరి దుకాణం వాళ్లు వేసిచ్చారు. లారీ ఓనర్ల సంఘం అధ్యక్షుడు, ఎక్సైజు ఇన్‌స్పెక్టరు, ఊళ్లోకి కొత్తగా వచ్చిన స్వామీజీ, అందరూ వరసగా నాలుగేసి వేల కాన్పులు చేశారు. ఆఖరికి త్రివిక్రమం గారి రిటైర్మెంటు సభకి వెళ్లాను. “తల్లి అరుపు విని పరుగెత్తుకొచ్చే మీ పాదాలకు...” అని చదువుతుంటే ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఉత్తర్వు రాసిన మనిషి ఆయనే. ఆయన కూడా లోపల వినలేదు.

“అప్పీలుంది మాస్టారూ” అన్నారు భుజంగరావు గారు. “ఇంకా రెండ్రోజులు గడువుంది. ఒక్క వాక్యం అబద్ధమైతే పత్రం మొత్తం మీది. ఇన్ని రాశారు, అందులో ఒక్క అబద్ధం దొరకదా? ఆవిడ దగ్గరికే వెళ్లండి. ఆవిడ నోటితోనే చెప్పించండి.”

అలా నేను, నా బిడ్డ ప్రాణం నిలబెట్టిన మనిషి గురించి ఒక అబద్ధం వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి వెళ్లాను. హైమావతి కూడా వచ్చింది, నన్ను ఒంటరిగా పంపితే ఏం చేస్తానోనని.

చర్చి వెనక రెండు గదుల ఇల్లు. మార్తమ్మ గారు అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. డెబ్భై దాటాయి, కళ్లు మసకేశాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. హైమావతి పక్కన కూర్చుని తనూ గుప్పెడు కాయలు తీసుకుంది. పత్రం గురించి నసిగాను.

“పెట్లో ఉంది నాయనా. అద్దం పగిలింది, కాయితం బాగానే ఉంది” అన్నారావిడ. “ఆ రోజు మైకు గుయ్యిమంది, నాకొక్క ముక్క ఇనపళ్లా. తరవాత కళ్లు పోయినయ్యి. నువ్వే చదువు, ఇంటా.”

పన్నెండేళ్ల తర్వాత ఆ పత్రం ఎవరి గురించి రాశానో ఆవిడకి మొదటిసారి చదివి వినిపించాను. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇదైనా అబద్ధం కాకపోతుందా అని ఆవిడ మొహంలోకి చూశాను.

“నాలుగు వేల మందండీ?”

“పైమాటే. పుస్తకంలో రాసుకునేదాన్నిగా.”

“తల్లి అరుపు వింటే చెప్పులు కూడా తొడుక్కోకుండా...”

“తొడుక్కుంటే ఆ బురదలో ఊడిపోవూ?”

చివరికొచ్చాను. “తుఫాను నాడు, నడుముల్లోతు నీటిలో, పడవ మీద తరలివచ్చి రెండు ప్రాణాలు నిలిపారు.”

ఆవిడ చేతులు ఆగాయి. గట్టిగా నవ్వారు.

“పడవా! పడవెక్కడిది నాయనా? ఉన్నయ్యన్నీ కట్లు తెంచుకుని ఎటో పోయినయ్యిగా. మీ వీధోళ్లే నాలుగు అరటి బోదెలు కలిపి తాళ్లతో కట్టి, తెప్ప మీద నన్ను కూకోబెట్టి తోసుకొచ్చారు. నాకు ఈతా రాదు, పాడూ రాదు. సంచీ నెత్తిన పెట్టుకుని ప్రభువా ప్రభువా అనుకుంటా వచ్చా. మధ్యలో ఒకసారి బోల్తా కూడా పడ్డా. మీ ఇంటికేగా వచ్చింది! నీకెట్టా తెలుస్తది, నువ్వు ఊళ్లో లేవుగా.”

ఎత్తిపొడుపు కాదు, మామూలుగా అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది. నాలుగు రోజులు కూర్చుని రాసిన పత్రంలో నేను సొంతంగా ఊహించింది ఒకే ఒక్క మాట. ఊహించాల్సి వచ్చింది నేను లేను కాబట్టి. అప్పుడు నేను అపర భగీరథుడి పక్కన ఉన్నాను.

“నాకెప్పుడూ చెప్పలేదేం?” అన్నాను హైమావతితో.

“మీరెప్పుడడిగారు? రాసి నాకు చదివి వినిపించారు. బాగుందా అనడిగారు, బాగుందన్నాను. నిజమేనా అని అడగలేదుగా” అంది, కాయల మీంచి చూపు తిప్పకుండా.

నా చేతిలో పత్రం ఉంది. అందులో ఒక అబద్ధం ఉంది, నికార్సుగా నాది. ఆ పడవ ఒక్కటీ చూపిస్తే చాలు, అంతా నా పేరు మీదికొస్తుంది. కింద సర్కారు ముద్ర పడుతుంది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే కదా.  జేబులోంచి పెన్ను తీసి, పడవ అన్న మాట కొట్టేసి, పైన అరటి బోదెల తెప్ప అని రాశాను. నేనెప్పుడూ దస్తూరి ముత్యాల్లా ఉండాలంటాను. ఆ రోజు వంకరగా పడింది.

ఫోను మోగింది. భుజంగరావు గారు.

“దొరికిందా మాస్టారూ?”

“ఒకటి ఉండేదండీ. ఇప్పుడే పోయింది.”

ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఫోను పెట్టేశాను. మార్తమ్మ గారు చేట పక్కకి జరిపి, చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

“ఇంకోసారి చదువు నాయనా, ఆ తెప్ప కాడినించి” అన్నారు.

చదివాను. ఈసారి హైమావతి కూడా కాయలు ఒలవడం ఆపి వింది.